వెంకటాచలంలో యాభై రెండు రోజులు

ఆపరేషన్ అయిన మనిషిని ఇంటికి ఎప్పుడు తీసుకువెళ్ళాలి? ఎలా తీసుకువెళ్ళాలి? దారిలో ఎక్కడెక్కడ ఆగాలి? ఈ ఏడాదిలోనే మా సంఘంలోని నాలుగు కుటుంబాలవారు మమ్మల్ని ఈ సంగతి అడిగారు. ఆరాధన ముగిసిన తరువాత గుడి ముందు వేపచెట్టు కింద నిలబడి చెప్పగలిగినంత చెప్పాము. నిలబడి చెప్పేది సగం మరిచిపోతాము గనుక ఇక్కడ వ్రాస్తున్నాము. మేము డాక్టర్లము కాము, నర్సులమూ కాము. మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగిన తరువాత యాభై రెండు రోజులు ఆయనతో వెంకటాచలంలో ఉన్న అక్కచెల్లెళ్ళము, అంతే. అక్కడ మేము బాగా చేసినవి కొన్ని ఉన్నాయి, తప్పు చేసినది ఒకటి ఉంది.

మా ఊరు ఉదయగిరి దుర్గం కనిపించేంత దూరంలో ఒక పల్లె. నాన్నగారు అక్కడే బడిలో ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. వయసు అరవై తొమ్మిది. పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి. మా అమ్మ ప్రభువునందు నిద్రించి ఆరేళ్ళయింది. జనవరి రెండోవారంలో మద్రాసులో ఆయనకు బైపాస్ చేశారు. ఎదురొమ్ము ఎముకను నిలువునా కోసి, ఎడమ పిక్కలోనుంచి తీసిన సిరను గుండెకు అతికించి, ఎముకను మళ్ళీ స్టీలు తీగలతో బిగించి కట్టారు. ఇలా కాలి సిరతో చేసే పద్ధతికి 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండులో పేరు తెచ్చిన రెనే ఫవలోరో అనే ఆయన, అంతకుముందు పన్నెండేళ్ళు అర్జెంటీనాలో ఒక మారుమూల పల్లెలో వైద్యం చేసినవాడట. మన దేశంలో మొదటి బైపాస్ 1975లో పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టర్ కె. ఎం. చెరియన్ చేశారు. ఆపరేషన్‌కు ముందురోజు నాన్నగారు మంచంమీద పడుకుని ఈ రెండు సంగతులూ మాకు పాఠం చెప్పినట్టు చెప్పారు. భయం ఆయనకా మాకా అని అప్పుడు తెలియలేదు.

తొమ్మిదో రోజున ఇంటికి పంపుతామన్నారు. అసలు చిక్కు అక్కడే మొదలయింది. బంధువులందరిదీ ఒకటే మాట: "ఇల్లు చేరితే సగం జబ్బు పోతుంది, కారు మాట్లాడి తిన్నగా ఊరికి తీసుకుపోండి." మా అన్నయ్య కారు కూడా మాట్లాడేశాడు. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడిగారు. "అర్ధరాత్రి ఈయనకు ఊపిరాడకపోతే మీ ఊరినుంచి పెద్ద ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరతారు?" మేము వేళ్ళమీద లెక్కపెట్టాము. బండి దొరికితే రెండున్నర గంటలు. బండి దొరికితే.

అలాగని మద్రాసులో ఉండడమూ సుళువు కాదు. ఆస్పత్రి పక్క వీధిలో గదులు చూశాము. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, దోమలు, రోజు లెక్కన అద్దె, మూడు పూటలా హోటలు తిండి. హోటలు సాంబారులో ఉప్పు ఎంత పడుతుందో ఎవరికి తెలుసు? అప్పుడు గుర్తుకు వచ్చింది వెంకటాచలంలో మా పిన్ని ఇల్లు. నేలమీది ఇల్లు, మెట్లు రెండే. మద్రాసు హైవే మీద ఉన్న ఊరు, రైలు ఉంది, నెల్లూరు అరగంట. బాబాయి రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయినవాడు. ఫోను చేసి సంగతి చెప్పబోతే పిన్ని మాట పూర్తి కానివ్వలేదు. "అడిగేదేంది? తీసుకురాండి" అన్నది. డాక్టరుగారు కూడా సరేనన్నారు. ఆరో వారంలో చూపించుకోవడానికి మళ్ళీ రావాలని చెప్పారు.

సంక్రాంతి రద్దీలో బయలుదేరకుండా కనుమ వెళ్ళేదాకా ఆగాము. మామూలుగా మూడు గంటల దారి అది. మాకు అయిదున్నర గంటలు పట్టింది, అలా పట్టడమే మంచిదయింది. ముందు సీటులో గాలిసంచి పేలితే ఎముకకు ప్రమాదమని చెప్పారు గనుక వెనుక కూర్చోబెట్టాము. సీటుబెల్టు గాయానికి తగులుతుందని చాలామంది పెట్టుకోరు. అది తప్పట. రొమ్ముకూ బెల్టుకూ మధ్య చిన్న దిండు పెట్టి బెల్టు పెట్టుకోవాలి. ఆ దిండే దగ్గు వచ్చినప్పుడూ తుమ్ము వచ్చినప్పుడూ రెండు చేతులతో రొమ్ముకు అదుముకోవాలి. ఆస్పత్రిలో నర్సమ్మ నేర్పిన ఈ ఒక్క ఉపాయం నాన్నగారిని ఆరు వారాలు కాపాడింది. ఆ దిండును ఆయన మా చిన్నప్పటి బొమ్మను పట్టుకున్నట్టు పట్టుకుని తిరిగేవారు.

గంటకొకసారి కారు ఆపి దించి అయిదు నిమిషాలు నడిపించమన్నారు. కాళ్ళు వేలాడేసుకుని కదలకుండా కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయే ప్రమాదం ఉందట. గుమ్మిడిపూండి దాటాక ఒకసారి ఆగాము. సూళ్ళూరుపేట దగ్గర రెండోసారి. అక్కడ పులికాటు మీదినుంచి చల్లగాలి వీస్తోంది. దొరవారి సత్రం దగ్గర ఆకాశంలో గూడబాతులు బారుగా పోతుంటే నాన్నగారు కారు ఆపమన్నారు. నేలపట్టు చెరువులో చెట్లమీద గూళ్ళు పెట్టి పిల్లల్ని పెంచుకునే కాలం అది. గంట కాలేదని డ్రైవరు అంటుంటే, "పక్షులు గడియారం చూసి ఎగరవు నాయనా" అన్నారు. ఆపరేషన్ తరువాత ఆయన వేసిన మొదటి చమత్కారం అదే. తరువాత నాయుడుపేట, గూడూరు. మనుబోలు దాటేసరికి ఆయన ముఖం పాలిపోయింది, మాట తగ్గింది. వెంకటాచలం టోలుగేటు కనబడితే మేము ముగ్గురమూ ఒక్కసారే స్తోత్రం చెప్పాము.

మందుల సంచీ, డిశ్చార్జి కాగితాలు డిక్కీలో పెట్టకండి. ఒళ్ళో పెట్టుకోండి. ఆ కాగితాలను ఫోనులో ఫోటో తీసి ఇంట్లో మరొకరి ఫోనుకు కూడా పంపించండి. ఇది మేము చేయలేదు, తరువాత చెప్పబోయే రాత్రి అగచాట్లు పడ్డాము. ఇంకొకటి. గుండె ఆపరేషన్ కోసం వెళ్ళే రోగికీ వెంట వెళ్ళే ఒకరికీ రైలు టికెట్టులో రాయితీ ఉంది. ఆస్పత్రివారు నిర్ణీత పత్రం మీద వ్రాసి ఇవ్వాలి. మాకు తెలియక పోయేటప్పుడు పూర్తి చార్జీ కట్టాము.

పిన్ని ఇంట్లో మొదట మార్చినది మంచం. నులకమంచంలో కూరుకుపోతే లేవడానికి చేతులు ఊనాలి, చేతులు ఊనితే ఎముక కదులుతుంది. బల్లమంచం తెచ్చారు. ఆయనకు పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించి, మేము వీపు వెనుక చెయ్యి ఆనిస్తే లేవడం అలవాటు చేశాము. చంకల కింద చేతులు వేసి లాగకూడదు. ప్రేమకొద్దీ చుట్టాలు చేసే పని అదే! ఇక మరుగుదొడ్డి. మన పల్లె ఇళ్ళలో గొంతుకూర్చునే దొడ్డే గదా ఉండేది. బాబాయి నెల్లూరు వెళ్ళి కమోడ్ కుర్చీ కొనితెచ్చాడు. ఈ కుర్చీ గురించి మాట్లాడడానికి అందరూ సిగ్గుపడతారు. మేము సిగ్గుపడకుండా వ్రాస్తున్నాము, ఎందుకంటే నొప్పి మాత్రలవల్ల మలబద్ధకం వస్తుంది, ముక్కితే గుండెకు శ్రమ. కుర్చీ, బొప్పాయి పండు, డాక్టరు వ్రాసిన పొడి, ఈ మూడూ లేకపోతే ఇంట్లో శాంతి ఉండదు.

పథ్యం దగ్గర పెద్ద తగువు వచ్చింది. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, గుమ్మడికాయ వాతం, గుడ్డు వేడి. ఇరుగుపొరుగు పెద్దమ్మలు చెప్పిన నిషేధాలన్నీ పాటిస్తే ఆయనకు మిగిలేది చారు అన్నం, కాల్చిన అప్పడం. అప్పడంలో ఉన్నదంతా ఉప్పే. కోసిన కండ, ఎముక అతుక్కోవాలంటే పప్పు, గుడ్డు, చేప, పెరుగు కావాలని ఆస్పత్రిలో ఆహారం చెప్పే అమ్మాయి కాగితంమీద వ్రాసి ఇచ్చింది. పిన్ని ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, "మా అక్కకు పురిట్లో పథ్యం పెట్టి పెట్టి ఎండబెట్టారు. నేను చూశాను. ఈయనకు పప్పు పెడతాను" అని తేల్చేసింది. పెద్దమ్మలను మేము ఎగతాళి చేయడం లేదు. పాతకాలంలో గాయం చీము పట్టడం మామూలు, అందుకు ఏదో ఒక కారణం వెతుక్కోవాలి గదా, అన్నంలో వెతుక్కున్నారు.

నెల్లూరు చేపల పులుసు మానాలేమోనని ఆయనకు బెంగ. మానక్కరలేదు. ఉప్పు, నూనె సగానికి తగ్గించి, మామిడికాయ ముక్క వేసి పిన్ని వారానికి రెండుసార్లు చేసింది. నోటికి రుచి తెలియక మొదటి రెండు వారాలు అదీ తోసేశారు. ఆపరేషన్ తరువాత నాలుక చచ్చిపోయినట్టు ఉంటుందట, మెల్లగా వస్తుంది. పూటకు నాలుగు ముద్దలు చొప్పున రోజుకు ఆరుసార్లు పెట్టాము. మొలగొలుకుల బియ్యం తప్ప తినని మనిషి, చక్కెర వ్యాధి గనుక అన్నం తగ్గించి రాగి సంగటి తినమంటే హెడ్మాస్టరు ముఖం పెట్టుకుని తిన్నారు.

పొద్దున్నే బరువు చూడడం మరొక పని. ఒక్కరోజులో కిలో, కిలోన్నర పెరిగినా, వారంలో రెండు కిలోలు దాటి పెరిగినా ఒంట్లో నీరు చేరుతోందని గుర్తు, డాక్టరుకు చెప్పాలి. పాత క్యాలెండరు వెనుక బరువు, జ్వరం, చక్కెర వ్రాసిపెట్టేవాళ్ళము. మూడు బంతుల ప్లాస్టిక్ పరికరంలో ఊపిరి పీల్చి బంతులు లేపడం గంటకు పదిసార్లు. పిన్ని మనవడు ఆయనతో పందెం వేసుకునేవాడు. మందులకన్నా ఆ పిల్లవాడి పందెం ఎక్కువ పనిచేసిందని మా అభిప్రాయం.

పరామర్శల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. మన సంఘాలలో రోగిని చూడడానికి రాని ఇల్లు ఉండదు, అది మనకున్న ఆస్తి. కాని పొద్దున్న ఆరున్నరకు ఒక గుంపు, భోజనాల వేళ ఇంకొక గుంపు, రాత్రి తొమ్మిదింటికి పాటల పుస్తకాలతో యువజనులు. ప్రతివారికీ గాయం చూపించాలి, జరిగిన కథంతా మొదటినుంచి చెప్పాలి. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని ప్రార్థించినవారూ ఉన్నారు. నాలుగో రోజుకు ఆయన కళ్ళు గుంటలు పడ్డాయి. ఎవరితో ఎలా చెప్పాలా అని మేము తటపటాయిస్తుంటే, పిన్ని పలకమీద 'సాయంకాలం 5 నుండి 6 వరకు మాత్రమే' అని వ్రాయించి గేటుకు కట్టేసింది. ఆ ఆదివారం పాస్టరుగారే సంఘంలో ప్రకటించారు: జలుబు ఉన్నవారు ఇంటినుంచే ప్రార్థన చేయండి, దేవునికి అక్కడినుంచీ వినబడుతుంది. ఒక్క కుటుంబం మాత్రం అలిగింది. ఇప్పటికీ అలకలోనే ఉన్నారు, ఏం చేస్తాము.

మొదటి వారం పెరట్లో నడక. రెండోవారం నుంచి వీధిలో నడవాలి. వెంకటాచలంలో ఎక్కడ నడుస్తారు? హైవే మీద బళ్ళు ఆగవు. రేవుకు పోయే రోడ్డుమీద లారీలు వచ్చిపోతుంటాయి, దుమ్ము. కృష్ణపట్నంలో కొత్త రేవు 2008లో తెరిచినప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఊళ్ళ ముఖమే మారిపోయిందని బాబాయి అంటాడు. చివరకు ఆయనకే తట్టింది. "స్టేషనుకు పోదాం బావా. ప్లాట్‌ఫారం చదునుగా ఉంటది, అలుపొస్తే బెంచీ ఉంటది, నీళ్ళుంటయి."

ఆపరేషన్ అయినవారికి ఇంతకన్నా మంచి చోటు పల్లెటూళ్ళలో దొరకదు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మాత్రమే, వంతెన ఎక్కేది లేదు. మొదటిరోజు ఒక బెంచీనుంచి రెండో బెంచీ దాకా. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు, మాటకు ఊపిరి అందకపోతే ఆగాలి. ఇదీ డాక్టరు చెప్పిన కొలత. రోజుకొక బెంచీ పెంచుతూ పోయాము. బాబాయికి స్టేషనులో అందరూ తెలిసినవాళ్ళే, అయినా నాన్నగారు రోజూ కౌంటరు దగ్గర పది రూపాయలిచ్చి ప్లాట్‌ఫారం టికెట్టు కొనేవారు. ఎందుకండీ అంటే వినరు. ఆ టికెట్టును బైబిలులో పెట్టుకునేవారు.

గూడ్సు బళ్ళు వస్తుంటే ఇద్దరూ పెట్టెలు లెక్కపెట్టేవారు. ఇక్కడినుంచే రేవుకు లైను చీలుతుంది. పడమటికి వెలికొండలను తొలిచి ఓబులవారిపల్లె దాకా వేసిన కొత్త లైను 2019లో మొదలయింది, అందులో ఒక సొరంగమే ఆరున్నర కిలోమీటర్లకు పైన. బాబాయి కొండలోపల రైలు పోయే తీరు చెబుతుంటే నాన్నగారు తన రొమ్ముమీద చెయ్యి పెట్టుకుని, "ఇక్కడా అదే పని చేశారు, పాత దారి పూడిపోతే కొత్త లైను వేశారు" అన్నారు.

ఇంత హుషారుగా ఉన్న మనిషి పదమూడో రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఏడ్చారు. ఊరికే కాదు, చిన్నపిల్లవాడిలాగా. ఎందుకో చెప్పలేదు. మరునాడూ అంతే. మా అమ్మ చనిపోయిననాడు కూడా ఆయన అలా ఏడవగా మేము చూడలేదు. మూడో రోజు రాత్రి మెల్లగా అసలు సంగతి చెప్పారు. "నలభై ఏళ్ళు సంఘంలో నిలబడి ఇతరులకు ధైర్యం చెప్పాను. నా విశ్వాసం ఇంతేనా? ప్రార్థన చేద్దామంటే మాట రావడం లేదు. బ్రతికించినందుకు కృతజ్ఞత కూడా లేదు నాలో."

మాకేమీ తోచలేదు. మాలో చిన్నది వాక్యం చదవబోయింది, పెద్దది ధైర్యం చెప్పబోయింది. పిన్ని మమ్మల్నిద్దరినీ ఊరుకోమని సైగ చేసి, గ్లాసుతో గంజి తెచ్చి ఆయన చేతికిచ్చింది. "బావా, ఏలీయా బదరీచెట్టు కింద పడుకుని చచ్చిపోతానన్నాడు గదా. దేవదూత వచ్చి ప్రసంగం చేసినాడా? రొట్టె పెట్టి నీళ్ళిచ్చినాడు. మళ్ళీ పడుకోనిచ్చినాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టినాడు. నువ్వు ముందు ఈ గంజి తాగు. ప్రార్థన మేము చేస్తాంలే నీ బదులు." ఆయన తాగి పడుకున్నారు.

మరునాడు మద్రాసు ఆస్పత్రికి ఫోను చేస్తే, పెద్ద గుండె ఆపరేషన్ల తరువాత ఇలా దిగులు కమ్ముకోవడం చాలామందికి జరుగుతుందనీ, కొన్ని వారాలలో తగ్గుతుందనీ, తగ్గకపోతే దానికీ వైద్యం ఉందనీ చెప్పారు. డిశ్చార్జి రోజున ఈ ఒక్క మాట ముందుగా చెప్పి ఉంటే ఆయన మూడు రాత్రులు తనను తాను నిందించుకుని ఉండేవారు కాదు. అందుకే మీకు ముందే చెబుతున్నాము.

ఇక మా తప్పు. దిగులు తగ్గుతుందని, ఆయన ముచ్చట తీరుస్తామని, పదిహేడో రోజున సర్వేపల్లికి తీసుకువెళ్ళాము. ఆ ఊరు ఈ మండలంలోనిదే. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి ఇంటిపేరు ఈ ఊరిదే, పెద్దలు ఇక్కడివారు. ఆయన పుట్టింది 1888లో తిరుత్తణిలో. చదివింది తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో, తరువాత వేలూరు వూర్హీస్ కాలేజీలో, ఆ తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో. 1962నుంచి ఆయన పుట్టినరోజు ఉపాధ్యాయ దినోత్సవం. ముప్ఫై నాలుగు సెప్టెంబరు అయిదులు బడిలో జరిపిన మనిషికి ఆ ఊరు చూడాలని ఉండదా?

ఆటోలో వెళ్ళాము. పంచె కింద కనబడుతుందని కాలి మేజోడు వేసుకోనన్నారు, సరేనన్నాము. చెరువు గట్టుమీద చల్లగా ఉందని కాళ్ళు వేలాడేసుకుని రెండు గంటలు కూర్చున్నారు. నీటిని చూస్తూ మా అమ్మతో పెళ్ళినాటి సంగతులు చెప్పారు. ఎంత సంతోషంగా ఉన్నారంటే లేవమనడానికి మాకు నోరు రాలేదు. ఇంటికి వచ్చేసరికి ఎడమకాలు మోకాలిదాకా వాచింది. రాత్రి పదకొండింటికి వణుకుతో జ్వరం, నూట ఒకటిన్నర. దీపం పెట్టి చూస్తే పిక్కమీది కోత ఎర్రగా, వేడిగా, ఒకచోట తడిగా ఉంది.

కాగితాలు వెతకడానికే పావుగంట పట్టింది. అన్నీ ఉన్నాయనుకున్న సంచీలో డిశ్చార్జి కాగితం లేదు, అది బీరువా పైన వేరే సంచీలో ఉంది. బాబాయి కారు తెచ్చాడు. నెల్లూరులో ఆ రాత్రే ఒక డాక్టరుగారు చూశారు. మాకు ప్రాణాలు పోయినంత భయం రక్తపు గడ్డ గురించి. స్కానులో గడ్డ లేదు, దేవునికి స్తోత్రం. గాయం చీము పట్టింది. చక్కెర 286 ఉంది! అప్పుడు బయటపడింది, పరామర్శకు వచ్చినవారు తెచ్చిన పండగ అరిసెలు ఆయన దిండు కింద దాచుకుని తింటున్నారని.

"ఇది ఈరోజు పట్టిన చీము కాదు. కట్టు విప్పి చివరిసారి ఎప్పుడు చూశారు?" అని డాక్టరుగారు అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. రొమ్ముమీది గాయాన్ని రోజూ చూస్తున్నాము. కాలిది చిన్నదని, మేజోడు కింద ఉంది గదా అని, మూడు రోజులుగా విప్పి చూడలేదు. ఆయన ఏడుపు గొడవలో అది మా మనసులోనే లేదు. చాలామంది ఇలాగే కాలిని మరిచిపోతారని ఆ డాక్టరుగారు అన్నారు, మాకు ఊరటగా చెప్పారేమో తెలియదు.

నాలుగు రోజులు అక్కడ ఉంచి సూదులు వేశారు. తరువాత పిన్ని ఇంట్లో రోజూ కట్టు మార్చడం. ఇంటికి ప్రయాణం ఆరోవారం దాటేదాకా వద్దని చెప్పేశారు. ఇక్కడే అసలు కష్టం. ఫిబ్రవరి రెండోవారంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి. శ్రమదినాలు ముందున్నాయి గనుక వాయిదా వేసే వీలు లేదు. పెద్ద మనవరాలు, నాన్నగారి చేతులమీద పెరిగిన పిల్ల. ఆయన ఆపరేషన్ బల్ల ఎక్కేముందు డాక్టరును అడిగినదే ఆ తేదీకి లేచి నిలబడగలనా అని. అన్నయ్య అంబులెన్సు మాట్లాడతానన్నాడు. వెళ్ళడానికి నూట పాతిక కిలోమీటర్లు, రావడానికి అంత. పెళ్ళిలో మూడు వందలమంది కౌగిలింతలు, దగ్గులు. మేము అక్కచెల్లెళ్ళం రాత్రంతా ఆలోచించి వద్దన్నాము. సర్వేపల్లి దగ్గర వద్దనడానికి నోరు రానివాళ్ళం, ఇక్కడ అన్నాము.

నాన్నగారు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నారు, మందులు వేసుకున్నారు, మాట లేదు. పెళ్ళిరోజు పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ పంచె కట్టించుకుని, మేజోడు తానే అడిగి వేయించుకుని కుర్చీలో కూర్చున్నారు. అన్నయ్య ఫోనులో గుడి కనిపించింది. బొమ్మ ఆగుతూ సాగుతూ వచ్చింది, పాస్టరుగారి మాటలు సగమే వినబడ్డాయి. ప్రమాణాలు అయ్యాక పిల్ల ఫోను దగ్గరకు వచ్చి తాతా అని పిలిచింది. ఆయన కుర్చీ చేతులు ఊనకుండా, రొమ్మును దిండుతో అదుముకుని, మేము నేర్పినట్టే తనంతట తాను లేచి నిలబడ్డారు. నిలబడే చెయ్యెత్తి దీవించారు. మేము వంటింట్లోకి వెళ్ళిపోయాము.

ఆ మరునాటినుంచి మళ్ళీ స్టేషను. ఈసారి రోజూ రాత్రి రెండు గాయాలూ దీపం కింద చూసి క్యాలెండరు వెనుక వ్రాసేవాళ్ళము. ఫిబ్రవరి చివర మద్రాసుకు నెల్లూరునుంచి రైలులో వెళ్ళివచ్చాము. కుదుపు కారుకన్నా తక్కువ, లేచి నడవవచ్చు. కాని కదిలే రైలులో మరుగుదొడ్డికి వెళ్ళేటప్పుడు వెనుక ఒకరు ఉండాలి, కింది బెర్తు కావాలి, సెంట్రల్‌లో చక్రాల కుర్చీ అడగడానికి మొహమాటపడకూడదు. ఆయన మొహమాటపడ్డారు, మేము పడలేదు. ఎముక బాగా అతుక్కుంటోందన్నారు. బరువులు మాత్రం మూడు నెలలు నిండేదాకా ఎత్తవద్దన్నారు.

మార్చి పదో తారీఖున ఊరికి బయలుదేరాము. పిన్ని డబ్బాలో పప్పు పొడి, ఉప్పు తక్కువ వేసినది, కట్టి ఇచ్చింది. నెల్లూరు, ఆత్మకూరు, ఉదయగిరి. గంటకొకసారి ఆగుతూ పోయాము. దుర్గం కొండ కనబడగానే ఆయన అద్దం దించమన్నారు. ఇంటిముందు మనవరాలు కొత్త అల్లుడితో నిలబడి ఉంది.

ఆ రాత్రి ప్రార్థన చేద్దామని బైబిలు తెరిస్తే ప్లాట్‌ఫారం టికెట్లు జారి కిందపడ్డాయి. వంగవద్దని మేమే ఏరి ఇచ్చాము. మంచంమీద తారీఖుల వరుసన పేర్చుకున్నారు, ఇరవై ఎనిమిది ఉన్నాయి. ఫిబ్రవరి మొదట్లో పది రోజులు ఖాళీ. ఆ ఖాళీలో నెల్లూరు డాక్టరుగారి మందుల చీటీ మడిచి పెట్టి, కొత్త అల్లుణ్ణి పిలిచి, వెంకటాచలం స్టేషనులో మొదటి బెంచీనుంచి చివరి బెంచీకి ఎన్ని అడుగులో చెప్పడం మొదలుపెట్టారు.